పరాయి దేశపు కంపెనీ, మల్లేశన్న కాలు

ఇబ్రహీంపట్నం,
ఆదివారం.

రమణక్కకు చెల్లెలు శారద నమస్కారాలు. నేనూ, మీ మరిదీ, పాపా ఒంట్లో బాగానే ఉన్నాం. కింద చదివేటప్పుడు నువ్వు కంగారుపడకుండా ఈ మాట ముందే రాస్తున్నాను. బావగారి దగ్గు తగ్గిందా? పిల్లలెలా ఉన్నారు? మొన్న ఫోన్లో నువ్వు "ఏమైందే" అనగానే అంతా చెప్పలేక పెట్టేశాను. అందుకే ఈ ఉత్తరం.

ఇక్కడ ఎండలు ముదిరాయి. మన రేపల్లె వైపు గాలి ఈ రాళ్లలోకి ఎక్కడొస్తుంది! నా పని నీకు తెలుసుగా, కాళ్లు పోయినవాళ్లకు కొలత తీసి, అచ్చు పోసి, పెట్టుడు కాలు తొడగడం. అసలు కంపెనీ యూరప్‌లో ఉంది, ఇక్కడిది దాని శాఖ. పోయిన నెల ఒక సోమవారం వెళ్లేసరికి గేటుకు కాగితం అంటించి ఉంది. అప్పులు తీర్చలేక అక్కడ కంపెనీ చేతులెత్తేసిందట. ఉన్నదంతా అమ్మి అప్పులవాళ్లకు పంచమని అక్కడి కోర్టు ఒక అధికారిని పెట్టిందట.

ఆ అధికారి తరఫున ముంబయి నుంచి ఒకాయన వచ్చాడు. గురువారం ఇక్కడి సామానంతా లారీల్లో ఓడరేవుకు పోవాలన్నాడు. స్టోరు తాళాలు నా దగ్గరే ఉంటాయి.

"సార్, లోపల పదకొండు కాళ్లు తయారై ఉన్నాయి. ఒక్కొక్కటి ఒక్కో మనిషి కొలతకు చేసింది. అవి ఇచ్చేయనివ్వండి" అన్నాను.

"లిస్టులో అవి సరుకు. కంపెనీ పుట్టింది అక్కడ, పోయిందీ అక్కడే. మీ కోర్టులకు ఇందులో పనిలేదు" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, తాళాలిస్తే పుణేలో ఉద్యోగం ఇప్పిస్తానన్నాడు. నీ దగ్గర దాపరికమెందుకు అక్కా, ఆశ పుట్టింది. పాప శేరిగూడ కాలేజీలో ఇంకా రెండేళ్లు చదవాలి.

బయట గేటు దగ్గర మల్లేశన్న కూర్చుని ఉన్నాడు. ఇక్కడి చెరువులో చేపలు పట్టే మనిషి. లారీ గుద్ది కుడికాలు మోకాలి కింద పోయింది. ఆ వారమే కాలు తొడగాల్సింది.

"చెల్లె, నా కాలు తయారైందా లేదా? గది చెప్పు చాలు."

"అయిందన్నా. లోపలుంది."

"ఇంక ఫికర్ దేనికి? నీ తాన ఉన్నదంటే ఉన్నట్టే."

తాళాలు ఇవ్వలేదు.

ఆ సాయంత్రమే మీర్‌పేట్‌లో ఒక లాయరమ్మ దగ్గరికి వెళ్లాను. "పరాయి దేశపుదైతే ఏంది? ఈడ యాపారం చేసింది గదా! ఈడ మూసేస్తే ఈడి ఆస్తులు, అప్పులు తేల్చి కంపెనీని మూసే అధికారం మన కంపెనీల కోర్టుకు, గదే ట్రిబ్యునల్‌కున్నది. ఆడ కేసు నడిచినా సరే. కంపెనీ ఎవరికి బాకీ పడ్డదో వాళ్లు అర్జీ పెట్టాలె" అంది. మా జీతాలు ఆగి ఉన్నాయి కాబట్టి మేం పెట్టొచ్చట. తోటివాళ్లు వెనకాడారు. "పుణే ఉద్యోగం పోతుందే" అన్నాడు మీ మరిది. అయినా నేను సంతకం పెట్టాను. నన్ను చూసి ఇంకో ఇద్దరు పెట్టారు.

గురువారం పొద్దున హైదరాబాద్‌ ట్రిబ్యునల్‌లో అత్యవసర విచారణ. లోపలికి పిలిచే ముందు నాతో పనిచేసే యాదమ్మ ఫోన్ చేసింది.

"శారదక్కా, తాళం కోసిన్రు! లారీల ఎక్కిస్తున్రు. మల్లేశన్న లారీ ముంగట పండుకున్నడు, ఎవ్వరు చెప్పినా లేస్తలేడు!"

అంతలో లోపలికి పిలిచారు. అవతలి లాయరు ముంబయి ఆయన మాటే మర్యాదగా చెప్పాడు. న్యాయమూర్తి కాగితాలు తిప్పి, "ఈ కాళ్లు ఎవరివి?" అని అడిగారు. లాయరమ్మ నావైపు చూసింది. లేచాను.

"కొలతలిచ్చిన వాళ్లవి సార్. ఒకరిది ఇంకొకరికి పట్టదు. అమ్మినా ఎవరూ తొడుక్కోలేరు. అందులో ఒకాయన ఇప్పుడు లారీ ముందు పడుకుని ఉన్నాడు."

ఆయన అవతలి లాయరుతో అక్కడికక్కడే ఫోన్ చేయించి లారీలు ఆపించారు. కంపెనీ ఎక్కడ పుట్టినా ఇక్కడ వ్యాపారం చేసింది కనుక దాన్ని ఇక్కడ మూయించే అధికారం తమకుందన్నారు. విదేశీ అధికారి ఏదైనా అడగాలంటే ఇక్కడికే వచ్చి అడగాలి, అందాకా మేకు కూడా కదలకూడదు. ఆస్తులు చూడటానికి లిక్విడేటర్ అనే ఒక అధికారిని వేశారు; కాళ్లు మాత్రం ఆయన ఎదుట కొలతలిచ్చిన వాళ్లకు ఇచ్చేయమన్నారు.

నేను తిరిగొచ్చేసరికి మల్లేశన్న వడదెబ్బ తగిలి దవాఖానలో ఉన్నాడు. ఆ రాత్రంతా నాకు కూడు సయించలేదు. రెండు రోజులకు కోలుకున్నాడు.

మొన్న లిక్విడేటర్ ఎదుట స్టోరు తెరిచి, సంతకాలు తీసుకుని కాళ్లు ఇచ్చాం. మల్లేశన్న తొడుక్కుని, గోడ పట్టుకుని నిలబడ్డాడు. "జర అటు మల్లు చెల్లె. గట్ల చూస్తే నాకు నడువరాదు" అన్నాడు. అవతలి గోడవైపు తిరిగాను. వెనక అడుగుల చప్పుడు వినబడింది.

పుణే ఉద్యోగం పోయింది. జీతాలు ఎప్పుడొస్తాయో తెలియదు. మీ మరిది రాత్రిళ్లు పాప ఫీజు లెక్కలు వేసుకుంటున్నాడు, అదే బెంగ. ఎవరైనా ఇటు వస్తుంటే కాస్త గోంగూర పచ్చడి పంపు. బావగారికి, పెద్దమ్మకు నా నమస్కారాలు.

ఇంకొక్క కాలు మిగిలింది. కందుకూరులో బట్టలు కుట్టే ఒకామెది. ఇచ్చిన నంబరు పనిచేయడం లేదు. మంగళవారం లోపు ఆమె రాకపోతే అది సరుకులో కలుస్తుందని లిక్విడేటర్ అన్నారు. రేపు తెల్లవారగానే బస్సెక్కుతున్నాను. ఊరి పేరు, ఆమె పేరు, కాలి కొలత, నాకు తెలిసినవి ఇవే. ఆమె దొరకాలని దీవించు.

నీ చెల్లెలు,
శారద