ఎర్రలైటు, నీ పలక

రత్తమ్మా,

నువ్వు పోయి నేటికి మూడేళ్లు. ఈ పూట నీకు నా మీద నేనే ఒక చాడీ చెప్పుకోవాలి.

నీకు చేసిన రొమ్ము ఆపరేషనే నీ చెల్లెలు సుశీలకూ చేశారు. కుట్లు మానినా నీకులాగే చంక కింద నరాల మంట మిగిలింది, పైట తగిలితే కారం పూసినట్టు. అయితే ఆమెకు మార్కాపురంలో ఎర్రలైటు వైద్యం దొరికింది. నొప్పి ఉన్నచోట కాసేపు వెలుగు పెడతారట, అంతే.

నీకు దొరికింది నేనూ, నా పలకరాయీ. పలకల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు రాయి కోసినవాణ్ని కదా, ఒక ముక్కకు అంచులు నున్నగా అరగదీసి, కుండనీళ్లలో ముంచి నీ చంక కింద పెట్టేవాణ్ని. ఇప్పటి పిల్లలకు పలకంటే ఫోనే. సరే, దారి తప్పాను.

నిన్న సుశీల, మంటకు ఇన్నాళ్లూ పక్కన పెట్టిన జాకెట్టు తొడుక్కుని వచ్చింది. "మంట సగం తగ్గింది బావా. అక్క ఉన్నప్పుడు ఈ లైటు ఏడ పోయిందో!" అంది. నవ్వాను గానీ కడుపు మండింది, ఆ లైటు మీదా, ఆమె మీదా.

లేచేముందు అడిగింది. "లైటు పెట్టని దినాల్లో మళ్లా మండుతాది. అక్క పలక ఉంటే ఇయ్యి బావా."

"ఇంకేడ పలక సుశీలా, అది ఎప్పుడో పగిలిపాయె" అన్నాను.

నువ్వైతే అడగకముందే ఇచ్చేదానివి. అందుకే నీకు మాత్రమే చెబుతున్నాను. అది నీ ఫోటో వెనక ఉంది. పొద్దున కూడా తడిపి పెట్టాను.