పాత ఇంజనుకు మినహాయింపు

ఫిబ్రవరి 11

ఇవాళ మా ఆయన సలీం చేతికి బోట్ల ఆఫీసు నోటీసు వచ్చింది. డీజిల్‌తో నడిచే ప్రతి బోటుకూ ఎమిషన్ సర్టిఫికెట్ ఉండాలట. లేకపోతే ఏప్రిల్ నుంచి డ్యాంలో బోటు కనపడకూడదట. అదేం సర్టిఫికెట్ సార్ అని సలీం అడిగితే, నీ ఇంజను ఎంత పొగ వదుల్తాండాదో కొలిచి ఇచ్చేది అన్నారట. సలీంకు నవ్వొచ్చిందట. నవ్వు కాస్తా దగ్గయింది. అది ఆగేదాకా నోటీసు తెచ్చినవాళ్లు గట్టు మీద నిలబడే ఉన్నారట. ఇంకేం కొలవాలి వాళ్లు?

అసలు మాది బోటు ఇంజనే కాదు. బావి మీద నీళ్లు తోడిన ఆయిల్ ఇంజను. పక్క ఊరి ఎర్రన్న మామ బావి ఎండిపోయాక అమ్మితే, మా మామ జిలాన్ బాషా కొని పడవకు బిగించాడు. అప్పట్లో అందరూ చేసింది అదే. బావులు ఎండి ఇంజన్లు మిగిలాయి, డ్యాంలోకి కాలువ నీళ్లొచ్చాక అవే ఇంజన్లు నీళ్ల మీద తేలాయి. మామ పోయినప్పటి నుంచి బోటు సలీందే. పొద్దున్నే ఆడకూలీలను అవతలి ఒడ్డు చీనీకాయల తోటల్లో దింపుతాడు, సాయంత్రం తెస్తాడు. చుక్కాని, ఇంజను రెండూ వెనకే. కాబట్టి పొగ పక్కనే ఆయన బతుకంతా.

ఫిబ్రవరి 14

అనంతపురం ఆసుపత్రి. సి.ఓ.పి.డి. అన్నాడు డాక్టరు, ఊపిరితిత్తుల జబ్బట. ఎన్ని బీడీలు తాగుతావని అడిగాడు. ఒగటీ తాగను సార్ అన్నాడు సలీం. ఏం పని అన్నాడు. చెప్పాక డాక్టరు పెన్ను కింద పెట్టాడు. ఆ ఇంజను పక్కన ఇంక కూర్చోకూడదు, కూర్చుంటే నా మందులు పనిచేయవు అని నా వైపు చూసి చెప్పాడు.

బస్సులో సలీం ఒకే మాట అన్నాడు. ఆయప్ప చెప్తాడులే, నేను కూచోకుంటే ఇంగెవురు కూచుంటారు.

నాకు ఒళ్లు మండింది.

ఫిబ్రవరి 27

గుత్తి నుంచి మెకానిక్ అజ్మతుల్లాను పిలిపించాను. పొగ గొట్టాన్ని తల మీదికి పోయేంత పొడుగు చేశాడు. ఒక్క ట్రిప్పు బాగానే పోయింది. రెండోసారి నడి డ్యాంలో ఇంజను వేడెక్కి ఆగిపోయింది. కూలీలు అల్లాడిపోయారు. తెడ్లు వేసుకుని ఒడ్డుకు చేరేసరికి తోట మేస్త్రీ వేరే మనుషులను పనిలోకి దించాడు. దాంతో పాత గొట్టమే మళ్లీ పెట్టారు.

కొత్త ఇంజను కొనమని అందరూ చెప్తారు. చెప్పడానికేం, నోరుంటే చాలు.

మార్చి 9

సలీం రంజాన్ ఒక్కపొద్దు ఉన్నాడు. ఇన్‌హేలర్ వాడితే ఒక్కపొద్దు చెడుతాదని పొద్దంతా వాడలేదు. సాయంత్రం బోటు కట్టి ఇంటికొచ్చేసరికి పెదాలు నల్లబడ్డాయి. మా అత్త పీరాంబీతో గొడవ పడ్డాను. జబ్బు మనిషికి ఒక్కపొద్దు లేదని చెప్పొద్దా నువ్వు అన్నాను. నాకు తెల్దా, చెప్తే వింటాడా, నా కడుపున పుట్టినోడు నాకు తెలీదా అని ఏడ్చింది. ఏడిస్తే నేనేం చేయను? నేనే పెట్టాను ఇన్‌హేలర్ ఆయన నోట్లో. కళ్లు మూసుకుని పీల్చాడు.

మార్చి 20

సడలింపు ఇచ్చారు!

బోట్ల ఆఫీసులో గౌతమి మేడమ్ అని ఒకామె ఉంది. చిన్నమ్మాయి, విసుక్కోదు. పాత ఇంజన్లను కొత్త స్టాండర్డుకు మార్చడం కుదరదు కాబట్టి, వాటికి ఏడాది పాటు పొగ రూలు వర్తించదని ఆర్డరు వచ్చిందట. అంటే వచ్చే మార్చి దాకా ఎవరూ మన జోలికి రారు. అయితే ఇంజను పాతదని రుజువు కావాలి. ఇంజనుకు కొట్టిన కంపెనీ బిళ్ల, దాని మీద తయారైన సంవత్సరం. ఫోటో తీసి ఆన్‌లైన్‌లో పెడితే చాలు అంది.

ఇంటికొచ్చి ఇంజను తుడిచి చూశాను. బిళ్ల ఉండాల్సిన చోట రెండు రంధ్రాలు ఉన్నాయి.

మార్చి 22

ఎర్రన్న మామ ఇంటికి పోయాను. బిళ్ల ఆయన దగ్గరే ఉంది. పశువుల కొట్టంలో గుంజకు కొట్టి, పసుపు కుంకుమ పెట్టి ఉంది. పక్కన అమ్మేసిన ఎద్దుల పగ్గాలు వేలాడుతున్నాయి. మా వైపు ఎద్దును అమ్మినా పగ్గం ఇవ్వరు. కొన్నవాడే తన పగ్గం తెచ్చుకుని తోలుకుపోవాలి. పగ్గం కూడా ఇచ్చేస్తే కొట్టం మళ్లీ నిండదంటారు. ఇంజనుకు పగ్గం యాడుంటాది పాపా, అందుకే మీ మామ బండి తెచ్చిన పొద్దు ఆ బిళ్ల పీకి పెట్టుకున్యా అన్నాడు.

ఇవ్వమని అడిగాను. ఇవ్వనన్నాడు. ఫోటో తీసుకుంటానన్నాను. తీసుకోమన్నాడు. గౌతమి మేడమ్‌కు ఫోన్ చేస్తే, బిళ్ల ఇంజను మీద ఉన్నట్టు ఫోటో కావాలి, గుంజ మీద కాదు అంది. మళ్లీ అడిగాను. ఆయన ఎండిన బావి వైపు తిరిగి కూర్చున్నాడు.

మార్చి 23

ఆ బిళ్ల తెచ్చుకునేదాకా ఆయన గడప వదలను.

మార్చి 28

బిళ్ల వచ్చింది.

వారమంతా పోయాను. చివరికి ఆయన భార్య రామసుబ్బమ్మ అత్త నోరు చేసుకుంది. ఆ బిడ్డ మొగుని ఊపిరి కోసరం తిరుగుతాంటే ఇనుప ముక్క పట్టుకోని కూచుంటావా, నీకేమన్నా బుద్ధి ఉండాదా అంది. నిజానికి నేను తిరిగింది ఊపిరి కోసం కాదు, బోటు కోసం. ఆమె అలా అనుకుంటే నేను సరిదిద్దలేదు. ఎర్రన్న మామ మేకు పీకి, బిళ్లను కండువాతో తుడిచి నా చేతిలో పెట్టాడు. ఇంగ కొట్టంలో ఏం లేదులే అన్నాడు.

దోవలో రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాను. ఆయన గుంజ దగ్గరే ఉన్నాడు.

ఏప్రిల్ 16

మినహాయింపు వచ్చింది. సలీం పేరుతో, బోటు నంబరుతో, ఫోటోతో సహా. అత్త ఊరంతా పాయసం పంచింది. కూలీలు బోటులో పాట పాడారట. అటువైపు రేవులో బోటు నడిపే నాగన్న ఇంజనుకు కూడా బిళ్ల లేదు, వెతకను కూడా వెతకలేదు, బద్ధకం. ఆఫీసు వాళ్లు అతని బోటు ఆపేశారు. ఏం నాగన్నా, చెట్టు కింద నిద్ర బాగా పడ్తాండాదా అని ఎగతాళి చేశాను. ఏం చేసేదక్కా, నాకు నీయంత తెలివి లేదు గదా అన్నాడు.

ఆ మాటకు మురిసిపోయాను. రాసి పెట్టుకుంటున్నాను, నేను మురిసిపోయానని.

జూన్ 12

నాగన్న బోటుకు బ్యాటరీ మోటారు పెట్టారు. ఊరికే. ఆపేసిన బోట్లన్నిటికీ గవర్నమెంటే ఇస్తోందట. పొగ లేదు, వాసన లేదు. నాగన్న తన బోటులో నన్ను ఒక చుట్టు తిప్పాడు. నీళ్ల చప్పుడు వినపడింది. ఇన్నేళ్లుగా ఈ డ్యాం పక్కన ఉంటున్నాను, నీళ్లకు చప్పుడుంటుందని ఇవాళే తెలిసింది.

మాకెప్పుడు పెడతారని అడిగాను. నాగన్న తల గోక్కున్నాడు. మీకు సడలింపు ఉండాది గదక్కా అన్నాడు.

జూన్ 13

పొద్దున మొదటి బస్సుకే ఆఫీసుకు పోయాను. గౌతమి మేడమ్ ఆర్డరు తీసి చదివింది. మినహాయింపు పొందిన బోట్లు ఈ పథకానికి అర్హం కావు. నాకొద్దు మేడమ్ ఆ మినహాయింపు, వెనక్కి తీసుకోండి అన్నాను. ఒకసారి అప్రూవ్ అయ్యాక క్యాన్సిల్ చేసే ఆప్షనే లేదట. స్క్రీన్ నా వైపు తిప్పి చూపించింది. బిళ్ల లేదని రాసివ్వమన్నాను. ఫోటో ఉంది కదమ్మా అంది. మా ఆయన చచ్చిపోతాడు మేడమ్ అన్నాను. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. వచ్చే మార్చికి గడువు అయిపోతుంది, ఆ మరుసటి రోజే మీ పేరు నేనే ఎక్కిస్తాను, అప్పటిదాకా ఓపిక పట్టండి అంది. మంచి పిల్ల. ఆ మంచితనం నాకెందుకు?

నాగన్న ఏమీ చేయలేదు, మోటారు వచ్చింది. నేను ముసలాయన గడపలో వారం రోజులు కూర్చుని, ఆయన దగ్గరున్న ఒక్కటీ లాక్కొచ్చి, నా మొగుణ్ణి పొగలో కట్టేశాను.

జూన్ 14

సలీంకు చెప్పాను. మార్చి ఎంత దూరంలే అన్నాడు.

జూన్ 28

ఇప్పుడు ఇంజను నేనే తిప్పుతున్నాను. హ్యాండిల్ వేసి తిప్పితే భుజాలు ఊడిపోతాయి. నువ్వు ఇంట్లో ఉండు అంటే సలీం వినడు. నీళ్లు తగ్గి రాళ్లు పైకొచ్చినాయి, నీకు దోవ తెల్దు అంటాడు. ముందు కూర్చుని చేతులతో అటు ఇటు చూపిస్తాడు. గాలి వెనక నుంచి కొట్టినప్పుడు పొగంతా ఆయన మీదికే పోతుంది. నేను ఇంజను ఆపుతాను. ఎందుకు ఆపినావు, పొద్దు పోతాండాది, వాళ్లకు పని దొరకదు అని చెయ్యి ఊపుతాడు. మళ్లీ తిప్పుతాను.

ఇవాళ అలా నాలుగైదుసార్లు ఆపాను. చివరికి కూలీల్లో లక్ష్మక్క నా చెయ్యి పట్టుకుంది. పోనీ షాహిస్తా, ఇయ్యాల ఎనక్కి పోదాం అంది. అందరూ కూలి వదులుకుని వెనక్కి వచ్చారు. సలీం ఎవరి వైపూ చూడలేదు.

జూలై 9

ఆసుపత్రి. ఆక్సిజన్ పెట్టారు. మాస్కు తీసి, బోటు ఎవురు చూస్తాండారు అని అడిగాడు. నాగన్న అని అబద్ధం చెప్పాను. బోటు గట్టుకే కట్టేసి ఉంది.

జూలై 17

తెల్లారగట్ల, ఫజర్ అజాన్‌కు ముందు సలీం పోయాడు.

ఆగస్టు 3

ఇద్దత్‌లో ఉన్నాను. మొగుడు పోయాక చంద్రుడి లెక్కన నాలుగు నెలల పది రోజులు గడప దాటకూడదు. అత్త ఒక మూల, నేను ఒక మూల. మా ఇల్లు డ్యాం గట్టుకు దగ్గర. ఇంతకుముందు ఇంజను శబ్దం వినపడితే ఆయన వస్తున్నాడని ఎసరు పెట్టేదాన్ని. నాగన్న బోటు ఎప్పుడు పోతుందో, ఎప్పుడు వస్తుందో తెలియదు. అంత నిశ్శబ్దం. మంచిదే. అయినా ఎసరు వేళకు చెవి అటే పోతుంది.

సెప్టెంబర్ 21

ఎర్రన్న మామ వచ్చాడు. లోపలికి రాలేదు, అరుగు మీద కూర్చున్నాడు. తలుపు వెనక నుంచి మాట్లాడాను. నేనియ్యకుండా ఉండాల్సింది పాపా అన్నాడు. అడిగింది నేను మామా అన్నాను. వాన రాలేదు, చెనిక్కాయ పంట పోయినట్టే అని చెప్పి లేచాడు.

నవంబర్ 25

ఇద్దత్ అయిపోయింది. నాగన్న బోటులో కూలీలందరూ పట్టడం లేదు. సగం మంది రేవులోనే మిగిలిపోతున్నారని లక్ష్మక్క చెప్పింది. ఇంట్లో కూడా తినడానికి ఉండాలి. అత్త ముసలిది. మార్చి దాకానే కదా, మన బోటే తిప్పుదాం అనుకున్నాను. ఆ తర్వాత గౌతమి మేడమ్ మాటిచ్చిన మోటారు వస్తుంది.

నవంబర్ 27

పొద్దున రేవులో ఉండగా ఆఫీసు మెసేజ్ వచ్చింది. సలీం గారూ, మీ ఇంజనుకు ఇచ్చిన మినహాయింపు మరో మూడేళ్లు ఆటోమేటిక్‌గా పొడిగించబడింది. మీరు ఏమీ చేయనవసరం లేదు.

హ్యాండిల్ తిప్పాను. పొగ లేచింది. కూలీలందరూ కొంగులు ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు. నేను పెట్టుకోలేదు.