సాయిదుర్గ చెట్టుకి చేపనీళ్లు

బావా,

చేపల వేలంపాటకి గిలకలదిండి రేవుకి వెళ్తున్నాను. అన్నం, పులుసు వండి పెట్టాను, తిను.

గేటు పక్కన మన సాయిదుర్గ నాటిన తెల్లమచ్చల ఆకుల చెట్టుకి ఇక చేపలు కడిగిన నీళ్లు పొయ్యకు. ఆ బలానికే మచ్చలు పోయి ఆకులు పచ్చబడుతున్నాయంట, నర్సరీ ఆయన చెప్పాడు. వట్టి పచ్చాకు కొమ్మలన్నీ మొదలంటా కోసెయ్యమన్నాడు, లేకపోతే మచ్చల కొమ్మల్ని అవే మింగేస్తాయంట. ఏపుగా పెరుగుతుందని నువ్వు మురిసిపోతుంటే నేనూ ఊరుకున్నాను. పిల్ల పోయి ఏడాదన్నా కాలేదు, దాని చెట్టుని కూడా మనమే పాడు చేసుకున్నాం.

కుమారి

మచ్చలున్న కొమ్మ గోడవైపు ఒక్కటే మిగిలింది. గుర్తుకి పిల్ల బడి రిబ్బను కట్టాను. కత్తి పట్టుకునే ముందు కళ్లు తుడుచుకో, పొరపాటున దాన్ని కోసేవు.