చాప మీద వదిలేసిన కట్ట

పోర్ట్ మోర్స్‌బీ విమానాశ్రయం,
మంగళవారం

ప్రియమైన నాన్నగారికి,

కెలేరా వందనాలు. ఇంటి నుంచి బయల్దేరి నాలుగు రోజులైంది. కందావు నుంచి సువాకి ఓడ, సువా నుంచి నాందీకి బస్సు, అక్కడినుంచి హొనియారా, హొనియారా నుంచి ఇక్కడికి విమానాలు. ఇంకో విమానం, ఒక లారీ, ఒక పడవ మిగిలి ఉన్నాయట. విమానం ఎప్పుడని అడిగితే కౌంటరులో అమ్మాయి నిన్నటి నుంచీ ఒకటే మాట: "వచ్చాక చెప్తాం అక్కా." పక్కనున్న పెద్దావిడ తన అరటిగెల నా పాదాల మీద ఆనించి హాయిగా నిద్రపోతోంది. కదిలిస్తే లేస్తుందేమోనని రెండు గంటలుగా అలాగే కూర్చున్నాను. మిషనరీగా నేను చేసిన మొదటి సేవ ఇదే.

మీకు చెప్పాల్సింది వేరే ఉంది. నా సంచీలో యంగోనా వేళ్ళ కట్ట ఉంది కదా, దాన్ని ఇక్కడ తనిఖీ బల్ల మీద ఆఫీసరు విప్పించాడు.

"ఏంటిది చెల్లీ?"

"యంగోనా. మా ఫిజీలో కొత్త ఊళ్ళో అడుగుపెట్టేటప్పుడు పెద్దల ముందు పెట్టాలి."

"వేళ్ళూ దుంపలూ లోపలికి రానివ్వం."

"శుభ్రంగా కడిగాను అన్నా!"

"కడిగినట్టు కాగితం ఉందా?"

లేదు. తీసేసుకున్నాడు. పాపం, మంచివాడే, రెండుసార్లు సారీ చెప్పాడు. మీరు వద్దని చాప మీద వదిలేసిన కట్టే అది నాన్నా. ఈ దేశం కూడా వద్దంది.

మిషను సభలో మీరన్న మాట మీకు గుర్తుండకపోవచ్చు. అన్నయ్య ఎపేలీ రగ్బీ ఆడటానికి జపాను వెళ్ళిపోయాక, మీ ఇంటి నుంచి న్యూ బ్రిటన్‌ దీవికి మిషను పని మీద ఎవర్ని పంపుతారని పెద్దలు అడిగారు. "మా ఇంట్లో పంపడానికి ఎవరూ లేరు" అన్నారు మీరు. నేను గుమ్మం దగ్గరే టీ కప్పులు పట్టుకుని నిలబడి ఉన్నాను. డిగ్రీ పూర్తిచేసి, ఆర్నెల్లుగా మీ సండేస్కూలు నడుపుతున్నదాన్ని. "నేనున్నాను" అన్నాను. ఆడవాళ్ళ వైపు నుంచి నవ్వులు. "కూచోవే, టీ చల్లారిపోతోంది!" అంది ఎవరో అత్త. నేను కూచోలేదు.

బయల్దేరేముందు వామే మామయ్య నా తరఫున కట్ట మీ ముందు పెట్టి సెలవడిగాడు. దాన్ని ముట్టుకుని మూడుసార్లు చప్పట్లు కొడితే సెలవిచ్చినట్టు అయిపోయేది. మీరు కట్ట వంక చూశారు, నా వంక చూడలేదు. "వాన వచ్చేలా ఉంది, ఎండేసిన కొబ్బరి ఎత్తాలి" అని లేచి వెళ్ళిపోయారు. ఆకాశంలో మబ్బు తునక లేదు. చివరికి మామయ్యే ఆ కట్టని నా సంచీలో కుక్కి, "పట్టుకెళ్ళవే, అవతల పనికొస్తుంది" అన్నాడు.

పనికిరాలేదు.

మీ కూతురు,
కెలేరా


న్యూ బ్రిటన్,
ఆదివారం

నాన్నగారికి,

వచ్చి మూడు వారాలు దాటింది. రాయడానికి చెయ్యి లేవలేదు. అలసట ప్రయాణంతోనే పోతుందనుకున్నాను, నాతోపాటే పడవ దిగింది.

దిగడం అన్నానుగాని, నేను దిగలేదు. చేతిలో కట్ట లేకుండా కొత్త ఊరి నేల ఎలా తొక్కను? ఎవరైనా పెద్దవాళ్ళు వచ్చి రమ్మంటారేమోనని పడవలోనే కూర్చున్నాను. ఒడ్డున జనం చూస్తున్నారు. చివరికి డొర్కాస్ అనే ఒకావిడ మోకాలి లోతు నీళ్ళలోకి వచ్చింది.

"ఏం పిల్లా, ఫిజీవాళ్ళకి కాళ్ళుండవా?"

"సముద్రం పడలేదేమో, పాపం" అంది ఇంకొకావిడ.

ఇద్దరూ కలిసి నన్ను చేమదుంపల బస్తాలా ఎత్తి ఒడ్డున పడేశారు. ఊరంతా నవ్వింది. ఇక్కడ పనిచేస్తున్న మన ఫిజీ పాస్టరు జొసెవాగారు అసలు సంగతి చెప్పాక డొర్కాస్ నా అరచేతులు తిప్పి చూసింది. "ఏమీ తేలేదని ఏడుస్తున్నావా? చేతులు తెచ్చుకున్నావుగా. రేపు తోటకి రా."

పొద్దున తోట, మధ్యాహ్నం ఆడవాళ్ళకి చదువు. గడ్డి పీకి పీకి వస్తారు, బల్లల మీదే వాలిపోతారు. మొన్న అందరికంటే ముందు నిద్రపోయింది నేనే. మెలకువ వచ్చేసరికి నా మీద ఎవరిదో మెత్తని పాత దుప్పటి కప్పి ఉంది. వాళ్ళే కూడబలుక్కుని, తప్పులతో, గట్టిగా అరుస్తూ చదువుకుంటున్నారు. డొర్కాస్ అందర్నీ "నెమ్మదిగా! టీచరమ్మ లేస్తుంది" అని గదుముతోంది, అందరికంటే పెద్ద గొంతుతో.

ఇప్పుడు నిజం చెప్తాను. మిషను కమిటీ ముందు దేవుడు పిలిచాడని చెప్పాను. అబద్ధం. నన్ను పిలిచింది దేవుడు కాదు, మీ "ఎవరూ లేరు" అన్న మాట. ఇంత దూరం దాన్నే మోసుకొచ్చాను, ఇక మొయ్యలేను. తిరుగు టికెట్టు సగం నా బైబిల్లో దాచుకున్నానని జొసెవాగారికి కూడా తెలియదు. శుక్రవారం పడవ వస్తుంది. ఎక్కేస్తాను. ఊరు నవ్వితే నవ్వనివ్వండి. ఈ ఉత్తరం నాతోపాటే వచ్చి, నేనే మీ చేతికిస్తానేమో.

కెలేరా


న్యూ బ్రిటన్,
శుక్రవారం

నాన్నా,

నేను ఎక్కాల్సిన పడవలోనే మీ ఉత్తరం వచ్చింది. సంచీ భుజాన వేసుకుని, ఒడ్డున నిలబడే చదివాను. మీరు రాసింది మీకే తిరిగి రాస్తున్నాను, ఎందుకంటే ఇలాంటి మాటలు మీరు మళ్ళీ రాస్తారన్న నమ్మకం నాకు లేదు.

"అమ్మా కెలేరా, మోర్స్‌బీ నుంచి రాసింది అందింది. మీ మామయ్య ఇంకా నాతో మాట్లాడటం లేదు. ఆ రోజు కట్ట తీసుకుని చప్పట్లు కొడితే నిన్ను నేను పంపినట్టు. అలా సెలవు తీసుకుని వెళ్ళినవాళ్ళు పని మధ్యలో తిరిగొస్తే ఊరు ఊరుకోదు. నువ్వు కోపంలో లేచావని నాకు తెలుసు. కోపం తగ్గాక ఇంటికి రావాలనిపిస్తే తలదించుకోకుండా రావాలని తీసుకోలేదు. నేను సెలవివ్వలేదు కాబట్టి ఊరి లెక్కలో నువ్వు వెళ్ళనే లేదు. సభలో అన్నది నిన్ను లేనిదానిగా చూసి కాదు, దాచుకోవాలని. అలా దాచడమూ తప్పే. కొబ్బరి ఎండింది. వాన రాలేదు."

రెండోసారి చదువుతుంటే వెనక నుంచి డొర్కాస్ అరిచింది: "ఎక్కుతావా, మళ్ళీ మేమే ఎత్తాలా?"

ఎక్కలేదు. ఎందుకని అడిగితే గొప్ప జవాబేమీ లేదు. దేవుడు పిలిచాడని ఇప్పటికీ చెప్పలేను. బుధవారం డొర్కాస్ ఒక వాక్యం ఎవరి సాయం లేకుండా చివరిదాకా చదివింది. చదివాక, తప్పేమో అన్నట్టు నా మొహంలోకి చూసింది. శనివారం రెండో వాక్యం చెప్తానని మాటిచ్చాను. మీరు తలుపు తెరిచే ఉంచారని తెలిశాక ఆ మాట తప్పి పరిగెత్తాల్సిన అవసరం కనిపించలేదు. అంతే.

ఆదివారం రాసిన ఉత్తరమూ, టికెట్టు సగమూ ఇందులో పెడుతున్నాను. దాచండి. దాచడం మీకు బాగా వచ్చుగా.

ఇక ఒక్క పని చెయ్యండి. మన ఇంటి వెనక యంగోనా తవ్వించండి. మామయ్యని బతిమాలి పిలవండి, నా తరఫున కట్ట మళ్ళీ చాప మీద పెట్టమనండి. మొదటిసారి కోపంతో అడిగాను. ఇప్పుడు కోపం లేదు, ఒళ్ళంతా అలసటే, అయినా అడుగుతున్నాను: నాకు సెలవివ్వండి. మూడు చప్పట్లు చాలు. ఈసారి నా పేరు పలికి కొట్టండి.

వాన వచ్చేలా ఉందని మాత్రం లేవకండి.

మీ ఇంట్లో ఉన్న,
కెలేరా