చూశానని పెట్టిన సంతకం

నవంబర్ 9, ఆదివారం

ఒళ్ళంతా దుమ్ము. స్నానం చేశాను, దీపం పెట్టాను, కూర్చున్నాను. కోపం ఇంకా దిగలేదు. 

ఈ రోజు కారు రేసు ఆఖరి చుట్టులో నా తమ్ముడు యాదగిరి కారును వెనుక నుంచి గుద్దాడు, ఆ అత్తాపూర్ నవీన్. తగిలింది అనడానికి వీల్లేదు, గుద్దాడు. యాదగిరి కారు గిర్రున తిరిగి టైర్ల గోడకు కొట్టుకుంది. హెల్మెట్ ఉంది, బెల్టులు ఉన్నాయి. మోచేయి కమిలింది, అంతే. స్వామి దయ.

నవీన్ కారు దిగి నవ్వాడు. "ఏందన్నా, షెడ్డుల అందరి బ్రేకులు బాగుచేస్తవు, నీయి జూసుకోలేదా?"

పోయిన సీజన్‌లో రూల్సు కాగితం ఇంగ్లీషులో ఉందని, యాదగిరికి నేనే తెలుగులో నోట్‌బుక్ నిండా రాసిచ్చాను. పందెంలో ఉన్న బండిని కావాలని తాకరాదు. ఓడినవాడిని ఎగతాళి చేయరాదు. కోపం వచ్చినా చెయ్యెత్తరాదు. బూతు మాట రారాదు. రాస్తుంటే ముచ్చటేసింది, ఏ ఇంట్లోనైనా గోడకు అంటించుకోదగ్గ మాటలు అని. అవి రాసినవాళ్ళ ట్రాక్ మీదే ఇలా.

ఫిర్యాదు అరగంటలో ఇవ్వాలి. కారు దగ్గర పనిచేయని సాక్షి ఒకరు కావాలి. యాదగిరి నా భుజం పట్టుకుని ముందుకు తెచ్చాడు. "మా అక్క గట్టు మీదికెళ్ళి మొత్తం చూసింది సార్. మా అక్క అబద్ధం ఆడదు, ఊరంత ఎర్కే."

ట్రాక్ సారు చెప్పాడు — మూలకు, బావి మలుపు దగ్గర, యాదగిరే ముందు తోశాడని నవీన్ అంటున్నాడట. అక్కడ దుమ్ములో, తప్పులు చూసి జెండా ఊపే మనిషికి ఏమీ కనబడలేదట.

"లేదు సార్. నా తమ్ముడు గట్ల చేయడు."

"చేస్తాడా చేయడా అని కాదమ్మా. చూశారా అని."

"చూసిన."

సంతకం పెట్టాను. గట్టిగా, అక్షరం అక్షరం.

నవంబర్ 10

కార్తీక సోమవారం. ఉపవాసం. గుడిలో దీపాలు పెట్టి వచ్చాను. జపం మధ్యలో నవీన్ నవ్వు. మాల మొదటికి తిప్పాను. మళ్ళీ ఆ నవ్వే.

నవంబర్ 11

ట్రాక్ వాళ్ళు ఇంకా తేల్చలేదు. కళ్ళారా చూసిన మనిషి సంతకం చేశాక ఇంకా తేల్చేదేముంది?

నవంబర్ 12, బుధవారం

తేల్చారు. ఇరవై మూడున జరిగే ఆఖరి రేసులో నవీన్‌ను దిగనివ్వరు. యాదగిరి తప్పు లేదు, సాక్షి మాట స్పష్టంగా ఉంది అని రాశారు.

మరదలు సునీత పరమాన్నం చేసింది. "వదినా, నీ ఒక్క మాటతోని కప్పు ఇంటికొచ్చినట్టే." యాదగిరి రెండుసార్లు వడ్డించుకున్నాడు. నవీన్ లేకపోతే వాడికి ఇక పోటీ లేదు. ఈ ఏడాది కప్పు, వచ్చే ఏడాది ఇంకొకటి, ఆపైన వాడికి నలభై ఐదేళ్ళు నిండుతాయి, ఈ తరగతి రేసుల్లో దిగనివ్వరు. షెడ్డు గోడ మీద కప్పు తగిలించడానికి అప్పుడే మేకు కొట్టాడు.

మంచిదే. అయినా నా కోపం చల్లారలేదు. ఒక్క రేసేనా శిక్ష? వెనుక నుంచి గుద్దినవాడికి?

నవంబర్ 14, శుక్రవారం

సాయంత్రం నేను పనిచేసే విత్తనాల ల్యాబ్ నుంచి బయటికి వస్తే రాజేంద్రనగర్ గేటు దగ్గర ఒక పెద్దాయన. తలకు తువ్వాలు. నవీన్ తండ్రినని చెప్పాడు. అడుగు వెనక్కి వేశాను.

"చెల్లె, కొట్లాడనీకి రాలే. మావోడు గుద్దింది తప్పే. ఇంట్ల నేను గూడ తిట్టిన. కని బావి మలుపు కాడ ముందుగాల మీవోడు నూకిండంటడు. నువ్వేమో చూసిన, నూకలే అని రాసిచ్చినవంట."

"చూసిందే రాసిన."

"మా ఇంటామె నీ పక్కకే కూసుంది చెల్లె. నీకు నీళ్ళ సీస ఇచ్చింది, యాదికుందా? బండ్లు ఆ మలుపు కాడికి వచ్చినప్పుడల్ల నువ్వు కండ్లు మూసుకొని మొక్కుతుండె అన్నది. ఎవరికి మొక్కుతున్నదో పాపం అని ఆమె గూడ దండం పెట్టిందంట."

"మీ ఇంటామె ఏం చెప్పమంటే అది చెప్తది."

తిట్టినా బాగుండేది. తిట్టలేదు.

"ఆమెను గూడ అడిగిండ్రు చెల్లె, నువ్వు చూసినవా అని. దుమ్ముల నాకేం కనబడలే అన్నది. కన్న కొడుకు కోసం గూడ చూసిన అనలే."

ఆటో ఎక్కి ఇంటికి వచ్చేశాను. గగన్‌పహాడ్ దాకా లోపల ఒకటే మంట. ఎంత ధైర్యం. ముప్పై ఏళ్ళుగా పూజ చేసుకునే మనిషిని పట్టుకుని, దారిలో నిలబెట్టి, అబద్ధం ఆడావు అంటాడా? మెత్తగా అన్నాడు. మెత్తగా అంటే మాట మారుతుందా?

నవంబర్ 15, శనివారం

పొద్దున జపానికి కూర్చున్నాను. కళ్ళు మూశాను.

అప్పుడు తెలిసింది.

బావి మలుపు అంటే నాకు భయం. అక్కడ పొలం ఉన్నప్పుడు బావి ఉండేది, పూడ్చి ట్రాక్ వేశారు. నేల ఇంకా ఒకవైపు దిగి ఉంటుంది, కార్లు జారతాయి. వాడి కారు అటు తిరగగానే నా కళ్ళు మూతపడతాయి. 'నరసింహా, నరసింహా' — ఇంజను చప్పుడు ఇటు మళ్ళాకే తెరుస్తాను. ప్రతి చుట్టూ. మొన్న కూడా. ప్రతి చుట్టూ.

అక్కడ నేనేమీ చూడలేదు.

'చూసిన' అన్నాను. ఎలా అన్నాను? నా తమ్ముడు చేయడని తెలుసు కాబట్టి చూసినట్టే అనుకున్నాను. ఆ క్షణంలో నిజంగానే చూసినట్టు ఉంది. కారు మలుపు తిరగడం, పక్కన ఎవరూ తగలకపోవడం — అన్నీ కనిపించాయి. కళ్ళు మూసుకుని.

హారతి ఇవ్వలేకపోయాను.

నవంబర్ 16, ఆదివారం

యాదగిరి వాకిట్లో కారు కడుగుతున్నాడు. పైపు కట్టేయమన్నాను.

"బావి మలుపు కాడ నవీన్ కారును తాకినవా?"

"ఎవలు చెప్పిండ్రు?"

"నేనడుగుతున్న."

"జర తగిలింది."

"జర అంటే?"

"వాడు లోపలికెళ్ళి వస్తుండె అక్కా. ఇడిస్తే పోతుండె. జర పక్కకు నూకిన. అందరు నూకుతరు. గది రేసు."

ముందు నూకినవాడు నా తమ్ముడు. వాడి మీద కోపంతో చివర్లో వెనుక నుంచి గుద్దినవాడు నవీన్. ఇద్దరిదీ తప్పే. శిక్ష ఒక్కడికి. ఎందుకంటే నేను చూశానన్నాను.

"మరి నన్నెందుకు ముందుకు తోసినవ్ యాదిగా? నేను ఆడ కండ్లు మూసుకుంటనని నీకు ఎర్కలేదా?"

ఇంటి మీదుగా విమానం వచ్చింది. అది పోయేదాకా ఆగాడు. తడిబట్ట పిండి కారు మీద వేశాడు.

"ఎర్కే."

"ఎర్కుండి?"

"నువ్వు అబద్ధం ఆడినట్టు గాదు గదక్కా. నువ్వు చూడలే. చూడనిదానికి నీకు పాపమేంది? చూసినోళ్ళతోని అబద్ధం ఆడిపిస్తే గద పాపం. నేనంత ఆలోచన చేసిన నీ కోసం."

నా కోసం! వాడి మొహంలో కొంచెం కూడా జంకు లేదు. నిజంగానే నా పుణ్యం కాపాడాననుకుంటున్నాడు.

చేతిలో ఉన్న బకెట్ కింద పెట్టాను. విసరలేదు. విసరాలనిపించింది.

నవంబర్ 17, సోమవారం

ఆఖరి కార్తీక సోమవారం. గుడికి పోలేదు.

ల్యాబ్‌లో ఈ రోజు వరి విత్తనాల మొలక లెక్క. తడి కాగితం చుట్టలు విప్పాలి, మొలిచినవి ఎన్నో, కుళ్ళినవి ఎన్నో చూడాలి, రాయాలి, సంతకం పెట్టాలి. ఇన్నేళ్ళలో ఒక్క చుట్ట కూడా విప్పకుండా అంకె వేయలేదు. పెద్ద సారు కారు హారన్ కొడుతున్నా వేయలేదు. వరిగింజకు ఇచ్చిన మర్యాద ఒక మనిషి కొడుక్కి ఇవ్వలేదు.

అమ్మ పోయినప్పుడు యాదగిరికి ఆరేళ్ళు. అన్నం కలిపి పెట్టాను, పలక మీద అక్షరాలు దిద్దించాను, దొంగతనం చేస్తే చెయ్యి మీద కొట్టాను. ఇన్నేళ్ళు కాపాడుకున్నది ఒక్కటే, నా మాట. దాన్ని షెడ్డులో బోల్టులు తిప్పే పానాలాగా తీసుకుని వాడుకున్నాడు. పని అయ్యాక తుడిచి పెట్టాననుకుంటున్నాడు.

నాకూ సిగ్గు ఉండాలి. మా అక్క అబద్ధం ఆడదు అని నలుగురిలో అంటే ఉబ్బాను. ఆ పొంగులోనే సంతకం పెట్టాను. పక్కన కూర్చున్న ఆమె కన్నకొడుకు కోసం కూడా చూశాననలేదు. ఆమె పేరు కూడా నాకు తెలియదు. ఆమె నీళ్ళు మాత్రం తాగాను.

నవంబర్ 18, మంగళవారం

యాదగిరికి రాసిచ్చిన రూల్సు నోట్‌బుక్ తీశాను. నా చేతిరాతే.

తీర్పు వచ్చిన వారం లోపల సాక్షి మాట దిద్దుకోవచ్చు. డ్రైవరు వెంట వచ్చినవారి నడవడికకు డ్రైవరే జవాబుదారి. డ్రైవరు తానే వచ్చి తప్పు ఒప్పుకుంటే ఒక రేసుకు దూరం. ఇతరుల వల్ల బయటపడితే ఏడాది.

వెంట వచ్చినవారు అని రాసినప్పుడు తాగి అరిచే స్నేహితులనుకున్నాను.

వారం రేపటితో ముగుస్తుంది. రాశాను: 'బావి మలుపు వద్ద నేను కళ్ళు మూసుకుని ఉన్నాను. ఏమీ చూడలేదు. చూశానని రాసింది తప్పు. చివరి చుట్టులో నవీన్ వెనుక నుంచి గుద్దడం చూశాను. అది నిజం.' నాలుగు ముక్కలు. దీనికి మూడు కాగితాలు చింపాను.

అన్నాల తర్వాత యాదగిరి ముందు పెట్టాను.

"రేపు ఐదింటికి ట్రాక్ ఆఫీసు మూస్తరు. నువ్వు పట్కపోయి నూకిన అని చెప్తే ఒక్క రేసు పోతది. వచ్చే ఏడు ఉంటది నీకు. నేను పట్కపోతే ఏడాది."

"ఏడాది అంటే మొత్తమే అక్కా. ఆ తర్వాత నన్ను దిగనియ్యరు."

"ఎర్కే."

"కప్పు చేతికొచ్చినంక?"

సునీత పళ్ళాలు చప్పుడు చేస్తూ తీసింది. "సొంత తమ్ముణ్ణి ముంచుతవా వదినా? ఆ నవీన్ గుద్దలేదా ఏంది?"

"గుద్దిండు. అది గూడ రాసిన."

"ఎవలడిగిండ్రు నిన్ను? అయిపోయిన దాన్ని మల్ల తోడుడెందుకు? నీ దేవుడు గిదే చెప్పిండా?"

"దేవుడేం చెప్పలే. నేనే చెప్తున్న."

ఆమె ఏడ్చింది. యాదగిరి కాగితం ముట్టుకోలేదు. చదివాడు మాత్రం, చేతులు వెనక్కి కట్టుకుని, బడిలో బోర్డు చదివినట్టు.

కాగితం బల్ల మీదే వదిలాను. మీద గ్లాసు పెట్టాను, ఫ్యాన్ గాలికి.

నవంబర్ 19, బుధవారం

పొద్దున

బల్ల మీద గ్లాసు ఉంది. కాగితం లేదు. యాదగిరి లేడు, బైకు లేదు. సునీతకు చెప్పి పోలేదట. సెలవు పెట్టాను.

పదకొండు

ఫోన్ స్విచ్ఛాఫ్. షెడ్డుకు చేశాను. రాలేదన్నారు.

రెండు

చెత్తబుట్ట వెతికాను. పొయ్యి వెనకాల చూశాను. వాకిట్లో, కాలువలో. చింపిన ముక్కలు ఎక్కడైనా ఉన్నాయేమో అని. లేవు. వెతుకుతుంటే సునీత కిటికీలోంచి చూస్తోంది. నేను పెంచిన పిల్లాడి కోసం చెత్తలో చేతులు పెట్టాను. ఇంత పని చేయించాడు నాతో.

మూడు

ట్రాక్ ఆఫీసుకు ఫోన్ చేశాను. మోగి మోగి ఆగింది. ఎవరూ ఎత్తలేదు. ఈ ఫోన్ ఎత్తాలని వాళ్ళకు రూలు లేదు కాబోలు.

మూడున్నర

మళ్ళీ రాశాను. అవే మాటలు, అదే సంతకం. ఈసారి ఒక్క కాగితమే పట్టింది.

వాడు మొదటి కాగితం ఇప్పటికే ఇచ్చి ఉంటే, ఇది పట్టుకుని నేను ఆ గదిలోకి పోతే, అక్క నన్ను నమ్మలేదు అని వాడికి తెలుస్తుంది. చిన్నప్పటి నుంచి ఎప్పుడూ నమ్మలేదేమో అనుకుంటాడు. ఇచ్చి ఉండకపోతే, నా చేత్తో నేనే వాడి ఏడాది తీసేస్తాను. మొత్తం తీసేస్తాను. ఇంట్లో కూర్చుంటే, అత్తాపూర్‌లో ఒక తల్లి కొడుకు నా సంతకం కింద పడి ఉంటాడు, ఆమె నన్ను శపించను కూడా శపించదు.

ఉన్నవి మూడు దారులు. దేనిలోనూ నాకు మర్యాద మిగలదు. మిగలాలని ఇంకా చూస్తున్నానే, అది చూస్తే ఇంకా మండుతోంది.

నాలుగుంపావు

ఆటో పిలిచాను. ట్రాక్‌కు అరగంట. సునీత గుమ్మంలో నిలబడింది. అడ్డం రాలేదు, పక్కకూ జరగలేదు.

"ఆయన ఇచ్చే ఉంటడు వదినా."

"నీకు చెప్పిండా?"

"లేదు."

"మరి ఎట్ల తెలుసు?"

"తెల్వది. ఇచ్చే ఉంటడు."

ఆమె కూడా చూడలేదు.

ఆటో అతను హారన్ కొడుతున్నాడు. కాగితం సంచిలో పెట్టుకుని చెప్పులు వేసుకున్నాను. ఒక్కసారి, ఆఖరుసారి, యాదగిరి నంబరు కలిపాను.

పొద్దుటి నుంచి ఆఫ్‌లో ఉన్నది, ఇప్పుడు మోగుతోంది.