ఆకుపచ్చ చెంప

అమ్మకి,

నమస్కారాలు. ఇక్కడ నేను క్షేమం. అక్కడ నువ్వూ, నాన్నా, నాన్న మోకాళ్ళూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

ముందు నువ్వడిగిన వాటికి జవాబులు. వేళకి తింటున్నాను. రంగుల్లో కలిపే టర్పెంటైన్ వాసనకి తలనొప్పి రావడం లేదు, కిటికీ తీసే ఉంచుతున్నాను. ఇక "నా బొమ్మ వేస్తున్నావట, కాస్త తెల్లగా, నవ్వుతున్నట్టు వెయ్యి" అని రాశావు. తెల్లగా వెయ్యలేదమ్మా. ఒక చెంప నారింజ, నీడ పడ్డ చెంప ఆకుపచ్చ, గడ్డం కింద ఊదా. పక్కగది అమ్మాయి చూసి, "మీ అమ్మగారికి ఒంట్లో బాలేదా?" అని జాలిపడింది.

నువ్వు రాయకముందే మొదట అలాగే వేశాను. నవ్వుతూ, పట్టుచీరలో, లేత రంగుల్లో. ఇక్కడ బొమ్మలు నేర్పే మా మాస్టారు కళ్ళు చికిలించి చూసి, "పోలిక ఉందమ్మా, మనిషే లేదు" అన్నారు. నాకు ఏడుపొచ్చింది. నిజమే, ఆవిడెవరో పెళ్ళికొచ్చిన దూరపు చుట్టంలా ఉంది. నూనెరంగు ఓ పట్టాన ఆరదు కాబట్టి బతికిపోయాను. కత్తితో గీకేసి మళ్ళీ మొదలుపెట్టాను.

ఇప్పుడు అసలు సంగతి. ఫోనులో చెబితే మధ్యలో అందుకుంటావని రాస్తున్నాను. మొన్న ఆదివారం నువ్వు చెడామడా తిడుతుంటే, ఫోను స్పీకర్లో పెట్టి రంగుల డబ్బాలకి ఆనించాను. నీ గొంతు వింటుంటే నీ మొహం కళ్ళముందుకి వచ్చేసింది. నుదుటి మీద ఎరుపు ఎంత పెట్టాలో, ముక్కు పక్క పసుపు ఎక్కడ ఆపాలో చేతికే తెలిసిపోయింది. నేను "ఊ" అన్నదల్లా రంగు కుదిరినందుకు. నువ్వేమో ఆ ఊకొట్టడం పట్టుకుని, బావ ఆఫీసులో ఉద్యోగానికి ఒప్పుకున్నానని ఊరంతా చాటావట, అక్క చెప్పింది. ఒప్పుకోలేదమ్మా. అసలు ఉద్యోగం మాటే నా చెవిన పడలేదు. నేను ఇక్కడే ఉండి బొమ్మలు వేసుకుంటాను. కొత్తగా చేరినవాళ్ళకి నేర్పే పని మాస్టారు నాకు అప్పజెప్పారు కూడా.

కోపం వస్తే తిట్టు, పరవాలేదు. కానీ వచ్చే నెల మా బొమ్మల ప్రదర్శనకి ఒక్కసారి రా. నాకు నిన్ను చూడాలనుంది. అక్కడ గోడల నిండా మొహాలే ఉంటాయి. నీదెక్కడుందో నేను చూపించను. నీ అంతట నువ్వు పోల్చుకోలేకపోతే, నీ వెంటే వచ్చి ఆ ఉద్యోగంలో చేరతాను. అలా కాక దాని ముందు ఆగి, "నన్నింత కోపంగా వేశావేమే?" అన్నావో, ఇక నేను ఇక్కడే.

ఇట్లు,
నీ మొండిఘటం,
చిన్నది