వణికే అక్షరాల అట్ట

ఏమండీ,

పొద్దుటినుంచి ముసురు పట్టింది. కిటికీలు వేసుకుని ఆసుపత్రి గదుల తలుపులకి పేరుపలకలు చెక్కుతున్నాను. నేనూ అత్తయ్యా కులాసాగానే ఉన్నాం. మీరూ కులాసా అని చదివి వినిపిస్తేగాని ఆవిడకి ముద్ద దిగదు. తడిగా ఉన్నప్పుడు మీరు కడుతున్న ఆ వంతెన పలకలెక్కకండి.

మీరు అడిగినవాటికి జవాబులు. అత్తయ్య మోకాలి నొప్పి తగ్గింది. వంటింటి కుళాయి కారడం ఆగింది. వరండాలో మీరు వదిలిన స్పంజి చెప్పులు ఉన్నాయా అన్నారు. ఉన్నాయి. ఆ సంగతి తర్వాత రాస్తాను. దుమ్ము లాగే మిషను బోల్టులు ఇంకాస్త బిగించావా అన్నారు. బిగించాను. అక్కణ్ణుంచే వచ్చింది కథంతా.

మీరు వెళ్ళేముందు దాన్ని అక్షరాలు చెక్కే లేజరు మిషను పక్కనే, అదే బల్లకి బోల్టులేసి, ఇక భూకంపమొచ్చినా కదలదన్నారు. నిజమే, అది కదల్లేదు. మిగతావన్నీ కదిలాయి. అక్షరాల అంచులు రంపం పళ్ళలా వచ్చాయి. డాక్టరు గారి పేరు చెక్కితే చలిజ్వరమొచ్చిన మనిషి రాసినట్టుంది. మీ ఉత్తరం వచ్చినప్పుడల్లా ఇంకో చుట్టు బిగించాను. బిగించినకొద్దీ ఆ ఊపు బల్ల కాళ్ళలోంచి నేలలోకి, నేలలోంచి కింది కొట్టులోకి దిగింది.

కింద కొట్టు మనకి గది అద్దెకిచ్చిన కళ్ళజోళ్ళాయనది కదా. ఓ మధ్యాహ్నం మెట్లెక్కి వచ్చాడు. కోపంగా లేడు. అందుకే భయమేసింది.

"అమ్మా, చూపు పరీక్షకి పెట్టిన అక్షరాల అట్ట గోడమీద వణుకుతోంది. మంచి చూపున్నవాళ్ళు కూడా పై వరసే చదవలేకపోతున్నారు," అన్నాడు.

అత్తయ్య మంచం మీంచే, "జోళ్ళు ఎక్కువ అమ్ముడుపోతాయిగా నాయనా," అంది.

ఆయన నవ్వాడు గాని, ఆదివారంలోగా ఊపు ఆగకపోతే మిషను వేరేచోట పెట్టుకోమన్నాడు. వేరేచోటు మనకెక్కడుంది? ఈ పని పోతే నేను మళ్ళీ ఊళ్ళోవాళ్ళ బట్టలు ఇస్త్రీ చేసుకోవాలి.

ఆయన వెళ్ళాక రెంచి తీసుకుని మళ్ళీ బిగించబోయాను. చెయ్యి జారి వేలు గీరుకుపోయింది. అత్తయ్య చూస్తూ కూర్చుంది. మీరు చిన్నప్పుడు పిల్లి పారిపోతోందని గంప బోర్లించి దాని మీద రాయి పెట్టారట, గంపే ఇల్లంతా తిరిగిందట. అది చెప్పి, "మావాడి మాట కట్టిపెట్టి దాన్ని వదిలెయ్యవే. బల్లకి కట్టేస్తే బల్లనే కదా ఊపుతుంది," అంది.

అన్ని బోల్టులూ విప్పేశాను. మీ పనికి వంక పెట్టినట్టు అనుకోకండి, అవి బాగా బిగిసి ఉన్నాయి కాబట్టే విప్పడానికి సగం పూట పట్టింది. మిషనుని నేలమీదికి దించాను. రెండింటి మధ్య బిర్రుగా ఉన్న గొట్టం తీసేసి, ముడతల గొట్టం కొంచెం వదులుగా, వేలాడేలా తగిలించాను. కింద మెత్తటి రబ్బరు పెట్టాను. ఊపు చాలావరకు పోయింది గాని ఇంకా సన్నగా ఉంది. మూత విప్పి చూస్తే లోపలి ఫ్యాను రెక్కల్లో ఒకదానికి మాత్రం చెక్క మసి అడుగంటినట్టు పేరుకుపోయింది. ఒక పక్కే బరువు. పాత చెంచాతో గోకేశాను.

మిషను వేసి, బల్లమీద గ్లాసుతో నీళ్ళు పెట్టాను. నీళ్ళు కదల్లేదు. కళ్ళజోళ్ళాయన్ని అడుగుదామని కిందికి వెళ్ళాను. కుర్చీలో ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు.

"ఈ ఒక్క పరీక్షా అయ్యాక మొదలుపెట్టమ్మా," అన్నాడు కళ్ళజోళ్ళాయన.

"నడుస్తూనే ఉందండీ," అన్నాను.

ఆయన గోడకి చెవి ఆనించి విన్నాడు. ఈలోగా ఆ పెద్దాయన అట్టంతా చదివి, అడుగున అచ్చేసిన ప్రెస్సు పేరు కూడా చదివేశాడు. జోడు అక్కర్లేదని లేచిపోయాడు. కళ్ళజోళ్ళాయన నా వంక చూసి, బేరం పోయిందమ్మా అన్నాడు. పైకి వచ్చి అత్తయ్యకి చెబితే నవ్వీ నవ్వీ పొలమారింది.

ఇక చెప్పుల సంగతి. ఆ మెత్తటి రబ్బరు అవే. ఒక్కోటీ రెండుగా కోసి నాలుగు మూలలా పెట్టాను. మీరు ఎడమకాలు ఈడుస్తారు కదా, ఆ మడమ అరిగిపోయి మిషను ఒరిగింది. దాని కింద అట్టముక్క దూర్చాను.

ఇంకొకటి దాచాను. కళ్ళజోళ్ళాయన పైకి వచ్చిన రోజే, బహుమతుల కొట్టాయనకి మిషనులు రెండూ అమ్మేస్తానని మాటిచ్చాను. మీకు రాస్తే పని వదిలి వచ్చేస్తారని రాయలేదు.

ఇంతవరకు రాసేసరికి ఆయన వ్యాను వచ్చింది. కిందికి వెళ్ళి అమ్మడం లేదని చెప్పాను. కాసేపు ముఖం ముడుచుకున్నాడు. పైకి వచ్చి, నడుస్తున్న బల్లమీద చెయ్యి పెట్టి చూసి, ఇలాంటిదాన్ని నేనైనా అమ్మనన్నాడు. తన కొట్టుకి పేరుపలక కావాలని కొలతలు చెప్పాడు. వాన తగ్గాక, నాలుగింటికి, ఖాళీ వ్యానుతో వెళ్ళిపోయాడు.

ఇట్లు,
కొత్త చెప్పులు కొని ఉంచిన
మీ ఇల్లాలు